మా రోజుల్లో మార్కులు చాలేవి

జూన్ నెల వచ్చిందంటే పొద్దున్నే పేపరు ముట్టుకోవాలంటే చిరాకు పుడుతుంది నాకు. మొదటి పేజీలో వార్త ఉండదు. రెండు మూడు పేజీలు తిప్పితే గానీ అసలు పేపరు మొదలవదు. అప్పటిదాకా నిండా ఫొటోలే. ఒకటో ర్యాంకు, ఏడో ర్యాంకు, పదకొండో ర్యాంకు, కిందికి వచ్చేకొద్దీ చిన్నవైపోయే ముఖాలు. ఒకే పిల్లవాణ్ణి రెండు మూడు కార్పొరేట్ కాలేజీలు మావాడంటే మావాడని అచ్చు వేసుకుంటాయి. కళ్ళద్దాలు పెట్టుకుని ఆ ముఖాల్లో నేను వెతికేది ఒక్కటే. చర్ల నుంచో, దుమ్ముగూడెం నుంచో, గుండాల నుంచో ఆశ్రమ పాఠశాలలో చదివి వచ్చిన పిల్ల గానీ పిల్లవాడు గానీ ఉన్నారా అని. ఏటా వెతుకుతాను. ఏటా పేపరు పక్కన పడేస్తాను.

మా రోజుల్లో ఫలితాలంటే నంబర్లు. పేరు లేదు, ఫొటో లేదు, చదివిన బడి పేరు లేదు. మా ఊరికి ఒక్కటే పేపరు, అదీ మధ్యాహ్నం బస్సులో వచ్చేది. పంచాయతీ ఆఫీసు అరుగు మీద పరిస్తే పది తలకాయలు దాని మీదికి వంగేవి. 1971లో నా పదో తరగతి నంబరు అక్కడే చూసుకున్నాను. పటేలు కొడుకు నంబరూ నా నంబరూ ఒకే కాలంలో, ఒకే సైజు అచ్చులో ఉన్నాయి. ఊళ్ళో మా ఇద్దరికీ సమానంగా దొరికిన చోటు బహుశా అదొక్కటే.

ఆ రోజులన్నీ మంచివని నేను అనను. మా వాడలో నాతోపాటు ఒకటో తరగతిలో కూర్చున్నవాళ్ళలో పదో తరగతి దాకా వచ్చింది నేనొక్కణ్ణే. మిగతావాళ్ళు పశువుల కాడ జీతానికి కుదిరారు. ఆడపిల్లలు మూడో తరగతి దాటలేదు. నేను దాటానంటే దానికి కారణం నా తెలివి ఒక్కటే కాదు. తాలూకా కేంద్రంలో సాంఘిక సంక్షేమ హాస్టలు ఉంది. అక్కడ నాకొక రేకుపెట్టె, ఒక కంచం, ఒక దుప్పటి ఇచ్చారు. దొడ్డు బియ్యం అన్నం, నీళ్ళ చారు. ఆదివారం ఒక గుడ్డు. బియ్యంలో పురుగులుండేవి, ఏరుకుని తినేవాళ్ళం. ఆ హాస్టలు లేకపోతే ఈ వ్యాసం రాసే చెయ్యి ఇవాళ పారో గడ్డపలుగో పట్టుకుని ఉండేది.

ఇప్పటివాళ్ళకు ఎస్.ఆర్. శంకరన్ పేరు చెబితే ఎవరని అడుగుతున్నారు. సాంఘిక సంక్షేమ శాఖను నడిపిన ఐఏఎస్ అధికారి. హాస్టళ్ళు, గురుకులాలు, వెట్టిచాకిరీ విముక్తి, ఈ మూడింటినీ ఒకే పనిగా చూసిన మనిషి. కూలీవాడి బిడ్డను బడికి పిలవాలంటే ముందు అన్నం పెట్టాలని ఆయనకు తెలుసు. 1971లో పి.వి. నరసింహారావు హయాంలో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం తెరిచారు. ఆ మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్ళి. పల్లెటూరి పిల్లలకు పట్నపు ధనికుల బళ్ళకు దీటైన బడి సర్కారే పెట్టి చూపించాలన్నది ఆ ఆలోచన. చూపించారు కూడా. ఆ బళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఐఏఎస్‌లయ్యారు, డాక్టర్లయ్యారు. ఒక్క పైసా ఫీజు కట్టి కాదు.

ఆ హాస్టలు నుంచి వెళ్ళి నేను ఖమ్మంలో ఇంటరు, డిగ్రీ చదివాను. ఇంటరు అప్పుడప్పుడే వచ్చింది, అంతకుముందు పీయూసీ. చేరడానికి చేసిన పనల్లా పదో తరగతి మార్కుల కాగితం, తహసీల్దారు కచేరీలో రాయించుకున్న కులం కాగితం చేత పట్టుకుని కాలేజీ గుమాస్తా ముందు నిలబడటం. ఆయన కాగితం తీసుకుని, చూసి, పేరు రాసుకున్నాడు. అయిపోయింది. 1976లో ఉస్మానియాలో ఎం.ఎ. ఎకనామిక్స్‌కు కూడా డిగ్రీలో వచ్చిన మార్కులే అడిగారు. ఏ బడిలో, ఏ పుస్తకం చదివామో ఆ పుస్తకం మీదే పరీక్ష; ఆ పరీక్ష మార్కుల మీదే సీటు. పెద్ద చదువులు చదివే దళిత విద్యార్థులకు కేంద్రం స్కాలర్‌షిప్ మొదలుపెట్టింది 1944లో, అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్నప్పుడు. 1948లో గిరిజనులకూ వచ్చింది. నేను చదివింది ఆ డబ్బుతోనే. మాకూ అది ఆలస్యంగానే వచ్చేది. వచ్చినప్పుడు మెస్ బిల్లు కోసుకుని మిగిలింది చేతికిచ్చేవాళ్ళు. రాని నెలల్లో కూడా అన్నం కౌంటరు దగ్గర నన్ను ఎవరూ ఆపలేదు. నా సర్టిఫికెట్ ఎవరూ బీరువాలో పెట్టి తాళం వేయలేదు.

ఈ మాట ఎందుకంటున్నానో కింద చెబుతాను. ముందు పరీక్షల సంగతి.

ఎంసెట్ అనేది వచ్చినప్పుడు అందరం సంతోషించాం. కాలేజీల వాళ్ళు డొనేషన్లు గుంజకుండా 1983లో చట్టం తెచ్చారు, రాష్ట్రమంతటికీ ఒకే పరీక్ష, ఒకే ర్యాంకు, పైరవీకి చోటు లేదు. మంచిదే అనుకున్నాం. మొదట్లో మంచిదే అయింది. ఆ ర్యాంకు కోసం గుంటూరులోనూ, విజయవాడలోనూ, తర్వాత హైదరాబాదులోనూ కాలేజీలు పెరిగాయి. పొద్దున ఐదింటికి లేపి రాత్రి పదకొండు దాకా చదివించే కాలేజీలు. ఏడాదికి ఫీజు లక్ష దాటుతుంది, హాస్టలు కలిపితే ఇంకా చాలా. ఇప్పుడు ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ అంటున్నారు. పదకొండేళ్ళ పిల్ల. గుండాల అడవిలో అదే ఈడు పిల్ల ఒక టీచరు ఐదు తరగతులు చెప్పే బడిలో కూర్చుని ఉంటుంది. ఏడేళ్ళ తర్వాత ఈ ఇద్దరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి, ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి, సమాన అవకాశం అంటున్నాం.

తెలంగాణలో 2018 నుంచి ఆ పరీక్ష కంప్యూటరు మీద. మౌస్ చేతితో తాకని పిల్లలున్న బళ్ళు నేను చూశాను. వెనకట ఎంసెట్ ర్యాంకులో ఇంటరు మార్కులకు 25 శాతం విలువ ఉండేది. ఆ ఒక్క కొక్కెం పల్లెటూరి సర్కారు కాలేజీని ర్యాంకుతో కట్టి ఉంచింది. 2023లో అదీ తీసేశారు. దానికి పెద్ద చర్చ జరగలేదు, ఒక జీవోతో పోయింది. డాక్టరు చదువు సంగతికొస్తే 2017 నుంచి మన రెండు రాష్ట్రాలకూ నీటే. ఆ పరీక్ష అడిగే పుస్తకం ఢిల్లీ పుస్తకం. కోచింగ్‌కు ఒక ఏడాది కాదు, రెండేళ్ళు, మూడేళ్ళు ఇంట్లో కూర్చుని రాసేవాళ్ళతో పోటీ. కూలీ ఇంట్లో పద్దెనిమిదేళ్ళ పిల్లవాణ్ణి మూడేళ్ళు ఏ పనీ చేయించకుండా ఎవరు కూర్చోబెడతారు?

తమిళనాడు వాళ్ళు ఈ ప్రశ్నకు తమ జవాబు చెప్పారు. 2020లో సర్కారు బళ్ళలో చదివిన పిల్లలకు వైద్య సీట్లలో 7.5 శాతం విడిగా కేటాయించారు. అది కులం కోటా కాదు, అన్ని కులాల కోటాల లోపల సర్కారు బడి కోటా. ఆ ఏడాదే వందల మంది సర్కారు బడి పిల్లలు మెడికల్ కాలేజీల్లోకి వెళ్ళారు. ఆ వార్త చదివి నేను కాగితం ముక్క కత్తిరించి దాచుకున్నాను. కనిపించిన ఎమ్మెల్యేకల్లా, మంత్రికల్లా చూపించాను.

మన దగ్గరా ఆ ఆలోచన ఒకసారి నిజంగానే అమలయింది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు ప్రవేశ పరీక్షే లేదు. పదో తరగతి మార్కులతోనే సీటు. పైగా పదో తరగతికి గ్రేడ్లు వచ్చాక సర్కారు బళ్ళలో, జిల్లా పరిషత్ బళ్ళలో చదివినవాళ్ళకు వాళ్ళ గ్రేడు పాయింట్లకు 0.4 కలిపారు. ఏం లేని చోట చదివి ఇంత తెచ్చుకున్నావు కాబట్టి ఇంకొంచెం నీదే అని రూలు పుస్తకంలో రాసిన సందర్భం నా జీవితంలో అదొక్కటే చూశాను. నేను పాఠాలు చెప్పిన ఊళ్ళ నుంచి కూలీల పిల్లలు, కౌలు రైతుల పిల్లలు ఆ క్యాంపస్‌లకు వెళ్ళారు. ఆరేళ్ళు చదివి ఇంజనీర్లయి బెంగళూరు పోయారు, ఇంటికి డబ్బు పంపుతున్నారు. అంత మంచి పని చేసి ఆ తర్వాత దాన్ని ఎట్లా చూసుకున్నాం? 2022 జూన్‌లో బాసర పిల్లలు మాకు మంచి తిండి పెట్టండి, పర్మినెంట్ వీసీని, అధ్యాపకులను వేయండి అని వానలో కూర్చుని రోజుల తరబడి అడగాల్సి వచ్చింది.

నేను భద్రాచలం ఏజెన్సీలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. కోయ పిల్లలు, కొండరెడ్డి పిల్లలు, లంబాడీ పిల్లలు. క్లాసులో ఎప్పుడూ వెనక బెంచీ. నోరు విప్పరు. తెలివి లేక కాదు. ఇంట్లో మాట్లాడేది కోయ భాష, బడిలో చెప్పేది తెలుగు, నా దగ్గరికొచ్చేసరికి ఎకనామిక్స్ పుస్తకం ఇంగ్లీషు. ఒక్కో మెట్టు దగ్గర కొందరు ఆగిపోయారు. నా దాకా వచ్చినవాళ్ళు మూడు భాషలు దాటి వచ్చినవాళ్ళు. బస్తీ పిల్లవాడు ఒక్క భాషలో ఇంటి నుంచి యూనివర్సిటీ దాకా పోతాడు, వాణ్ణి మెరిట్ అంటాం.

ఆదిలాబాద్ మర్లవాయిలో మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ దొర 1940లలోనే ఈ సంగతి పట్టుకున్నాడు. గోండు పిల్లలకు గోండు టీచర్లే చదువు చెప్పాలని వాళ్ళకు శిక్షణ కేంద్రం పెట్టించాడు. నిజాం కాలంలో. అరవై ఏళ్ళకు ఆ బుద్ధి మన సర్కారుకూ వచ్చి, 2000లో జీవో 3 తెచ్చింది: షెడ్యూల్డ్ ప్రాంతాల బళ్ళలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. బయటి టీచర్లు అడవిలోని బడికి వచ్చేది తక్కువ, బదిలీ కోసం తిరిగేది ఎక్కువ. ఆ జీవో వచ్చాక ఊళ్ళోవాడే టీచరయ్యాడు, పిల్లల భాష తెలిసినవాడు బోర్డు ముందు నిలబడ్డాడు. నా దగ్గర డిగ్రీ చదివినవాళ్ళలో చాలామంది అట్లా టీచర్లయ్యారు. వాళ్ళను చూసి వెనక పిల్లలు డిగ్రీకి వచ్చారు. డిగ్రీ చదివితే ఏమొస్తుందని అడిగే తండ్రికి చూపించడానికి ఊళ్ళోనే ఒక మనిషి ఉన్నాడు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నూటికి నూరు రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమని ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాలు ఉంచింది గానీ దారి మూసుకుపోయింది. కరోనా లాక్‌డౌన్ రోజులు, నిరసన తెలపడానికి కూడా ఎవరూ ఇంటి గడప దాటలేకపోయారు. ఆ తీర్పు తర్వాత రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ దాని స్థానంలో గట్టిగా నిలబడే చట్టం ఒకటి తెచ్చి ఉండాల్సింది. అడిగీ అడిగీ గిరిజన సంఘాల వాళ్ళ గొంతులు ఎండిపోయాయి.

కేంద్రం 2021-22 లెక్క ప్రకారం దేశంలో 18 నుంచి 23 ఏళ్ళ ఈడులో నూటికి 28 మంది కాలేజీల్లో ఉంటే గిరిజనుల్లో 21 మంది ఉన్నారు. ఆ లెక్క చూసి తేడా ఏడే కదా అన్నాడు ఒక మిత్రుడు. ఆ 21 మంది ఏ కాలేజీలో ఉన్నారు, ఏ కోర్సులో ఉన్నారు, ఎంతమంది ఆఖరి ఏడాది దాకా నిలిచారు అని నేనడిగాను. లెక్కలో ఏడు కనిపిస్తుంది. నేను పనిచేసిన చోట జాబితా తీస్తే ఎంబీబీఎస్ పక్కన, ఐఐటీ పక్కన కోయ ఇంటిపేరు కనబడటం ఊరంతా చెప్పుకునేంత అరుదు.

ఇక దరఖాస్తులు. దీని మీద నాకు కోపం ఎక్కువ. గుమాస్తా ముందు కాగితం పెట్టి నిలబడితే అయిపోయిన పని ఇప్పుడు ఎట్లా అయిందో చూడండి. డిగ్రీలో చేరాలంటే తెలంగాణలో 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి. దానికి ఆధార్‌తో కలిపిన ఫోన్ నంబరుండాలి. ఆధార్‌లో తండ్రి పేరు ఒకరకంగా, పదో తరగతి మెమోలో ఇంకోరకంగా ఉంటుంది. ఫోన్‌కు ఓటీపీ రావాలి. మా ఏజెన్సీ గూడేల్లో సిగ్నల్ కోసం గుట్టెక్కుతారు. కులం సర్టిఫికెట్‌కు మీసేవ, ఆదాయం సర్టిఫికెట్‌కు మీసేవ, రెండూ మండల కేంద్రంలో, పోను రాను ఒక రోజు కూలీ పోయినట్టు. ఆప్షన్లు పెట్టడం తెలియక నెట్ సెంటరు కుర్రాడు ఏది నొక్కితే అదే పిల్ల బతుకు. నా దగ్గరికి ఏటా పిల్లలు వస్తారు, సార్ సీటు ఎక్కడో వచ్చింది, నేను అది పెట్టలేదు అని ఏడుస్తూ. బీఎస్సీ అడిగిన పిల్లకు రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఏదో బీకాం. ఆ పిల్ల వెళ్ళదు. మర్నాటి నుంచి మిర్చి తోటకు వెళ్తుంది.

ఇది మన దగ్గరే కాదు. 2024లో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లా నుంచి ఒక దళిత కూలీ కొడుకు ఐఐటీ ధన్‌బాద్‌లో సీటు తెచ్చుకున్నాడు. సీటు ఖాయం చేసుకోవడానికి 17,500 రూపాయలు సాయంత్రం ఐదింటిలోపు కట్టాలి. ఇల్లంతా కలిసి ఊళ్ళో అప్పులు చేసి డబ్బు కూడేసరికి నాలుగున్నర దాటింది. కంప్యూటరు తలుపు వాళ్ళ ముందే మూసుకుంది. జార్ఖండ్‌లో అడిగారు, మద్రాసులో అడిగారు, ఆఖరికి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. సెప్టెంబరులో ప్రధాన న్యాయమూర్తి ధర్మాసనం తన ప్రత్యేకాధికారం వాడి ఆ సీటు ఇప్పించింది. పదిహేడున్నర వేల రూపాయల కోసం దేశంలోని అత్యున్నత న్యాయస్థానం కదలాలా? మా రోజుల్లో ఆ పని ఒక ప్రిన్సిపాల్ చేసేవాడు. రేపు తెచ్చి కట్టుపో అని చీటీ రాసిచ్చేవాడు. అట్లా చీటీ రాసిన ప్రిన్సిపాల్ వల్లే నేనూ డిగ్రీ చదివాను. ఇప్పుడు ప్రిన్సిపాల్‌కు ఆ చీటీ రాసే అధికారం లేదు. సర్వర్ ఒప్పుకోదంటాడు.

ఇప్పుడు ఫీజుల మాట. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినప్పుడు పల్లెల్లో పండగే అయింది, కాదనను. ఇంజనీరింగ్ అనే మాట వినని గడపల్లోంచి ఇంజనీర్లు పుట్టారు. కానీ ఆ డబ్బుతో సర్కారు తన కాలేజీలు పెంచలేదు. ఉమ్మడి రాష్ట్రంలో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటాయి. అధ్యాపకులు లేని కాలేజీలు, ల్యాబుల్లో దుమ్ము పట్టిన మిషన్లు. మంచి ర్యాంకు కొన్నవాళ్ళు మంచి కాలేజీలకు, పెద్ద నంబరు వచ్చిన పల్లె పిల్లలు వీటికి. డిగ్రీ ఇద్దరికీ వస్తుంది, ఉద్యోగం ఒకరికే వస్తుంది.

ఆ ఫీజు బకాయిలు ఏళ్ళ తరబడి పేరుకుపోతాయి. ఏ పార్టీ ప్రభుత్వమైనా అదే వరస. సర్కారు కాలేజీకి బాకీ, కాలేజీ పిల్లల్ని పట్టుకుంటుంది. ఫీజు రాలేదు, నువ్వు కట్టు, కట్టకపోతే మెమో ఇవ్వం, టీసీ ఇవ్వం. అందుకే పైన నా సర్టిఫికెట్ ఎవరూ తాళం వేయలేదని అన్నాను. నా దగ్గర చదివిన ఒక పిల్ల తర్వాత ఒక ప్రైవేటు కాలేజీలో ఎంబీఏ చేసింది. బ్యాంకు ఉద్యోగానికి ఎంపికైంది, ఒరిజినల్స్ తెమ్మన్నారు. కాలేజీ ఇవ్వలేదు. వాళ్ళ నాన్న రెండు ఎడ్లలో ఒకదాన్ని అమ్మి తెచ్చేలోగా గడువు పోయింది. ప్రభుత్వం బాకీకి ఎద్దు అమ్ముకున్న రైతు.

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు దేశమంతా చాలా మాటలు మాట్లాడింది. కుట్టుమిషన్ మీద బతికిన తల్లి కొడుకు, గుంటూరు నుంచి పీహెచ్‌డీ దాకా వచ్చినవాడు. ఏడు నెలల ఫెలోషిప్ తనకు రావాల్సి ఉందని, అది ఇంటివాళ్ళకు ఇప్పించమని ఆఖరి ఉత్తరంలో రాసి పోయాడు. మిగతా వివాదమంతా ఎవరికి తోచినట్టు వాళ్ళు వాదించుకోనీ. ఏడు నెలలు చేతిలో డబ్బు లేకుండా క్యాంపస్‌లో బతకడమంటే ఏమిటో ఆ బతుకు బతికినవాళ్ళకు తెలుసు.

యూనివర్సిటీలంటారా, పేర్లు పెరిగాయి. తెలంగాణ వచ్చాక ఏళ్ళ తరబడి రాష్ట్ర యూనివర్సిటీల్లో పర్మినెంట్ అధ్యాపకుల నియామకాలు లేవు. 2022లో ఉమ్మడి నియామక బోర్డు బిల్లు శాసనసభ పాస్ చేసింది, గవర్నరు దగ్గర ఆగింది. గంటల లెక్కన జీతం తీసుకునే పార్ట్‌టైం వాళ్ళు పీజీ పాఠాలు చెబుతున్నారు. తెలంగాణకు ఒక గిరిజన యూనివర్సిటీ ఇస్తామని 2014 విభజన చట్టంలో రాశారు, ములుగులో సమ్మక్క సారక్క పేరుతో దానికి చట్టం చేసింది 2023 డిసెంబరులో. ఆ తొమ్మిదేళ్ళలో ఒక కోయ పిల్ల మూడో తరగతి నుంచి ఇంటరు దాకా వచ్చేసింది.

1982లో మన రాష్ట్రమే దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టింది. బడి మొహం చూడని మనిషి కూడా ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చన్నారు. మా ఏజెన్సీలో ఫారెస్టు గార్డులు, అంగన్‌వాడీ టీచర్లు ఆదివారాలు వచ్చి క్లాసుల్లో కూర్చునేవారు, నేనూ పాఠాలు చెప్పాను. చదువుకోవాలన్నవాణ్ణి ఎట్లా లోపలికి తీసుకురావాలా అని ఆలోచించిన సర్కార్లు, పెద్దమనుషులు ఒకప్పుడు ఉండేవారు. ఇప్పటి రూలు పుస్తకాలన్నీ ఎవరిని ఏ గడువు దగ్గర ఆపాలా అని రాసినట్టుంటాయి.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ప్రతి మండలంలో జూన్, జూలై నెలల్లో కాగితం మీద దరఖాస్తు తీసుకునే ఒక మనిషిని కూర్చోబెట్టండి. రీయింబర్స్‌మెంట్ బాకీ పేరుతో పిల్లల సర్టిఫికెట్లు ఆపిన కాలేజీల గుర్తింపు రద్దు చేయండి, ఆ బాకీ మీరు కట్టండి. తీసేసిన 25 శాతం ఇంటరు మార్కులను ర్యాంకులో మళ్ళీ కలపండి. తమిళనాడు ఇచ్చిన సర్కారు బడి కోటా ఇక్కడా ఇవ్వండి. ట్రిపుల్ ఐటీల్లో సర్కారు బడి పిల్లలకు కలిపే ఆ అదనపు విలువను ఎవరూ ముట్టుకోకుండా చూడండి, దాన్ని మిగతా యూనివర్సిటీలకూ పెట్టండి. పోయిన నెల మా జిల్లాకు వచ్చిన ఒక పెద్ద అధికారికి ఇవన్నీ రాసిచ్చాను. మెయిల్ చేయండి సార్ అన్నాడు. కాగితం తీసుకోండి అన్నాను. తీసుకునేదాకా కుర్చీలోంచి లేవలేదు.